నీడ దారిలో వారం రోజుల నడక

(హైదరాబాద్‌లో నడక, ట్రెక్కింగ్ మిత్రుల సమావేశంలో 2026 జనవరిలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ప్రొజెక్టర్ ఇవాళ మొరాయించింది. ఫొటోలు లేవు, మాటలతో సరిపెట్టుకోవాలి.

ముందుగా ఒక్క ప్రశ్న. 1980 ఫిబ్రవరి 16, శనివారం, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళు చేతులెత్తండి. బాగానే ఉన్నారే! ఆ మధ్యాహ్నం మూడున్నర దాటాక ఏం చేశారు? తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నారు కదా. మా ఇంట్లో అయితే కిటికీలకి దుప్పట్లు కూడా కట్టారు. ఆవకాయ జాడీ మీద దర్భ, వంటింట్లో పళ్ళెంలో నిలబెట్టిన రోకలి. నాకు గ్రహణం అంటే చాలాకాలం ఆ రోకలే.

అయితే ఆరోజు తలుపు తీసుకుని వీధిలోకి వచ్చినా హైదరాబాద్ వాళ్ళకి సంపూర్ణ సూర్యగ్రహణం, అంటే సూర్యుడు పూర్తిగా మూసుకోవడం, కనిపించేది కాదు. చంద్రుడి నీడ కార్వార్ వైపు నుంచి మన దేశం మీదికి వచ్చి, రాయచూరు, నల్లగొండల మీదుగా సాగి, ఒడిశాలో పూరీ దగ్గర సముద్రంలోకి దిగింది. మన నగరం ఆ దారికి ఉత్తరపు గట్టు అవతల ఉండిపోయింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మాత్రం దారి లోపల పడింది. అదెక్కడ? ఇబ్రహీంపట్నం దాటి పోవాలి, సిటీ నుంచి యాభై అరవై కిలోమీటర్లు. మనలాంటి వాళ్ళకి మూడు రోజుల నడక. గురువారం పొద్దున్నే చాదర్‌ఘాట్‌లో బయల్దేరినా, శనివారం మధ్యాహ్నానికి నీడలో నిలబడేవాళ్ళం. అప్పట్లో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, వచ్చినా ఇంట్లో పోనిచ్చేవాళ్ళు కాదు. అది వేరే సంగతి.

‘తొంభై తొమ్మిది శాతం పట్టాక ఇంకా ఒక్క శాతం కోసం అంత దూరం నడవాలా’ అని అడుగుతారు. లెక్క వేద్దాం. పున్నమి చంద్రుడి కంటే సూర్యుడు దాదాపు 4 లక్షల రెట్లు వెలుగు. ఒక్క శాతం మిగిలిందంటే ఇంకా 4 వేల పున్నముల వెలుగు మిగిలినట్టే. మనం చూడాలనుకునేది కరోనా, అంటే సూర్యుడి చుట్టూ తెల్లగా పరుచుకునే కిరీటం. దాని వెలుగంతా కలిపినా ఒక పున్నమికి అటూ ఇటూగా ఉంటుంది. నాలుగు వేల ముందు ఒకటి ఎక్కడ ఆనుతుంది? ఆ చివరి శాతం కూడా మూసుకుంటేనే పట్టపగలు చీకటి, ఆకాశంలో గ్రహాలు, ఆ కిరీటం. లేకపోతే ఏదో మబ్బు పట్టిన సాయంత్రంలా వచ్చి పోతుంది. అందుకని గ్రహణానికి నడక ప్లాన్ చేసేవాళ్ళకి మొదటి సూత్రం, దారి గట్టు దగ్గర బేరం పెట్టుకోకూడదు. లోపలికే పోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఏడాది ఆగస్టు 12, బుధవారం, సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ పక్కగా దిగి వచ్చి, సాయంత్రానికి స్పెయిన్ ఉత్తర భాగాన్ని వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దాటుతుంది. మన దేశంలో కనిపించదు. స్పెయిన్‌లో సరిగ్గా ఆ దారిని అడ్డంగా కోస్తూ ప్రపంచంలోకెల్లా పేరున్న పాదయాత్ర మార్గం ఒకటి ఉంది. కమీనో దె సాంతియాగో. ఫ్రాన్సు సరిహద్దులో సెయింట్ జాన్ పియె దె పోర్ట్ అనే ఊరి నుంచి సాంతియాగో దె కాంపోస్తెలా వరకు దాదాపు 780 కిలోమీటర్లు. వెయ్యేళ్ళ పైబడి జనం నడుస్తున్న దారి. మన శ్రీశైలం పాదయాత్ర చేసినవాళ్ళకి అక్కడి వాతావరణం కొత్తగా అనిపించదు. పల్లెపల్లెకీ సత్రాలు, దారి పొడుగునా గుర్తులు, ‘ఎక్కడి నుంచి వస్తున్నారు’ అని పలకరించే మనుషులు. సత్రాన్ని అక్కడ అల్బెర్గే అంటారు. యాత్రికుల కార్డు ఒకటి ఇస్తారు, పడుకున్న ప్రతిచోటా దాని మీద ముద్ర కొట్టించుకోవాలి.

780 కిలోమీటర్లూ నడవమని నేను చెప్పడం లేదు. వాటిలో బుర్గోస్ నుంచి లియోన్ దాకా ఉన్న 180 కిలోమీటర్లు చాలు. ఎందుకు ఆ ముక్క అంటే, ఇవాళ మీకు చెప్పదల్చుకున్న ముఖ్యమైన మాట అదే.

మామూలు ట్రెక్‌లో ఆలస్యమైతే ఏం చేస్తాం? ఇవాళ కాకపోతే రేపు చేరతాం. గ్రహణం పెళ్ళి ముహూర్తం, ఆ ఘడియ దాటితే తాళిబొట్టు చేతిలో ఉన్నా లాభం లేదు. సెకన్లతో సహా రాసి పెట్టిన ముహూర్తం. నడక ఏమో దానికి పూర్తిగా వ్యతిరేకం. కాలికి బొబ్బ వస్తుంది, కడుపు చెడుతుంది, వాన పడుతుంది, పక్కమంచం ఆయన గురక పెట్టి నిద్ర పట్టనివ్వడు, పొద్దున్నే లేవలేం. రోజుకి ఇరవై కిలోమీటర్లని కాగితం మీద గీసుకున్న గీత మూడో రోజుకే వంకర పోతుంది. ఈ రెండింటినీ కలపాలంటే చాలామంది చేసే పని, ఫలానా గుట్ట మీద ఫలానా చోట గ్రహణం చూడాలని ముందే ఒక చుక్క పెట్టుకోవడం. ఇక ఆ చుక్క చేరడానికి వారం రోజులూ టెన్షన్. కాలు నొప్పిగా ఉన్నా ఆగరు, దారిలో మంచి ఊరు కనిపించినా నిలవరు. ఆ నడకలో సుఖం ఎక్కడుంది?

నేను చెప్పేది ఇంకోలా. చుక్క వద్దు, గీత పెట్టుకోండి. మీరు నడిచే వారమంతా, మీరు పడుకునే ప్రతి ఊరూ, నీడ దారి లోపలే ఉండేలా ముక్కను ఎంచుకోండి. బుర్గోస్ లోపలే ఉంది. లియోన్ లోపలే ఉంది. మధ్యలో ఊళ్ళన్నీ లోపలే. బుర్గోస్‌లోనే జ్వరం వచ్చి పడుకున్నారనుకోండి, అక్కడ కూడా నిమిషంన్నర పైనే సంపూర్ణ గ్రహణం ఉంటుంది. హుషారుగా నడిచి లియోన్ చేరిపోయారు, అక్కడా అంతే. ముహూర్తం ఘడియ మారదు గానీ, మండపం మాత్రం 180 కిలోమీటర్ల పొడుగు. ఎక్కడ నిలబడ్డా పెళ్ళి మీదే.

దీనికి ఒక తమాషా ఉంది. గమ్యస్థానం సాంతియాగో నీడ దారికి కాస్త దక్షిణంగా, బయట ఉంది. పన్నెండో తారీఖుకి ముందే యాత్ర పూర్తి చేసి గుడి ముందు నిలబడ్డవాళ్ళకి దాదాపు అంతా మూసుకున్న సూర్యుడు కనిపిస్తాడు గానీ, సంపూర్ణ గ్రహణం కనిపించదు. ఇక్కడ వెనకబడ్డవాడికే లాభం. మాడ్రిడ్ కూడా అంతే, గట్టు అవతలే. ‘విమానం దిగిన ఊళ్ళోనే చూసేస్తాం’ అనుకునేవాళ్ళు మన 1980 హైదరాబాద్‌ను గుర్తు చేసుకోండి.

ఇప్పుడు రోజుల లెక్క. ఆగస్టు 12 నుంచి వెనక్కి లెక్కపెట్టండి. బుర్గోస్ నుంచి ఓర్నియోస్ 21 కిలోమీటర్లు, అక్కడి నుంచి కాస్త్రోహెరిస్ 20, తర్వాత ఫ్రోమిస్తా 25, కరియోన్ దె లోస్ కొందెస్ 19 లేదా 20. అక్కడి నుంచి సహగూన్ రెండు రోజులు. మొత్తం 125 కిలోమీటర్లు, ఆరు రోజుల నడక. 5న బుర్గోస్‌లో బయల్దేరితే 10 సాయంత్రానికి సహగూన్‌లో ఉంటారు. 11, 12 చేతిలో మిగిలిన రోజులు. వాటిని ముందే ఖర్చు పెట్టకండి. అంతా బాగా జరిగితే పదకొండున ఇంకో ఊరు ముందుకు పోవచ్చు, లేదంటే సహగూన్‌లోనే కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆ మిగులు రోజులు గ్రహణానికి ముందే ఉండాలి, తర్వాత కాదు. తర్వాత మిగిలిన రోజు షాపింగుకే పనికొస్తుంది. ఇక్కడి నుంచి మాత్రం ఒకటో తారీఖుకో రెండుకో బయల్దేరండి. మాడ్రిడ్‌లో దిగి, బుర్గోస్ చేరి, ఒకటి రెండు రాత్రులు ఒళ్ళు సర్దుకోనివ్వాలి.

నేను ఒక వేసవిలో ఆ దారిలో నడిచాను. ఆ నేల సంగతి కొంచెం చెప్తాను, మీకు పనికొస్తుంది. ఆ పీఠభూమిని మెసెతా అంటారు. కోసేసిన గోధుమ చేలు, పసుపుపచ్చగా, కంటికి ఆనినంత మేర. చెట్టు లేదు. కరియోన్ ఊరు దాటాక కాల్సాదియా దె లా కుయెసా దాకా 17 కిలోమీటర్లలో ఒక్క ఊరు రాదు, కుళాయి రాదు, నీడ రాదు. తెల్లటి గులకరాళ్ళ దారి, తిన్నగా గీత గీసినట్టు. ముందు నడిచే మనిషి వీపు మీది సంచి గంటసేపైనా అదే సైజులో కనిపిస్తూ ఉంటుంది. ఊరు గుంటలో దాక్కుని ఉంటుంది కాబట్టి, చివరి అర కిలోమీటరు దాకా వచ్చేసినట్టు తెలియదు. ‘ఇంకా ఎంత దూరం’ అని అడగబుద్ధేసినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు తాగడం మంచిది. కనీసం రెండు లీటర్లు మోయాలి, ఆగస్టులో మూడు. మన రంగారెడ్డి జిల్లా మే నెల తిన్నవాళ్ళకి ఎండ కొత్త కాదు. గాలి పొడిగా ఉండి చెమట తెలియకపోవడం కొత్త.

అందుకని అక్కడ అందరూ చీకటితోనే బయల్దేరతారు. ఆగస్టులో అక్కడ ఏడు దాటాకే తెల్లవారుతుంది. ఐదున్నరకి తలకి లైటు కట్టుకుని ఊరు దాటితే, పన్నెండు ఒంటిగంట లోపు ఆ రోజు నడక అయిపోతుంది. గ్రహణం రోజూ అంతే. పట్టు సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో, సంపూర్ణం ఎనిమిదిన్నరకి నిమిషం అటూ ఇటూ. అంటే ఆ రోజు నడక పోగొట్టుకోనక్కర లేదు. స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, ఒక కునుకు తీసి లేచినా ఇంకా టైం ఉంటుంది.

గ్రహణం పూట తిననివాళ్ళు కూడా మనలో ఉంటారు. వాళ్ళు స్పెయిన్‌లో ఏమీ ఇబ్బంది పడరు. అక్కడ రాత్రి భోజనానికి హోటల్ తలుపు తెరిచేదే ఎనిమిదిన్నర, తొమ్మిది. విడుపు స్నానం చేసి వెళ్ళినా మీరే మొదటి బోణీ.

సాయంత్రం ఎనిమిదిన్నర అంటే సూర్యుడు బాగా కిందికి దిగి ఉంటాడు. ఎత్తు సుమారు 10 డిగ్రీలు. చెయ్యి ముందుకు చాచి, బొటనవేలు పైకి ఉండేలా పిడికిలి బిగించండి. నేల గీత మీద ఆ పిడికిలి పెడితే, దాని పైఅంచు దగ్గర సూర్యుడు. అంతే. 10 మీటర్ల బిల్డింగు, అంటే మూడంతస్తుల ఇల్లు, 57 మీటర్ల లోపు ఉందంటే సూర్యుణ్ణి మింగేస్తుంది. లెక్క కావాలంటే మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లల్ని అడగండి, టాన్ 10 డిగ్రీలు. కాబట్టి ఊరి నడిబొడ్డున, చర్చి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే కుదరదు. ఊరి పడమటి చివరికి పోవాలి. అదృష్టం ఏమిటంటే మనం నడిచేదీ పడమటికే. రేపు పొద్దున్న మనం ఊరు దాటే దారి ఏదో, ఈ సాయంత్రం గ్రహణం చూసే చోటూ అదే. మధ్యాహ్నం సత్రంలో సంచి పడేశాక, పసుపు బాణాల గుర్తులు పట్టుకుని ఊరి చివరిదాకా ఒక్కసారి పోయి చూసి రండి. కరెంటు తీగలు, గోదాములు, పోప్లార్ చెట్ల వరస, పడమటికి కొంచెం ఉత్తరంగా ఏం అడ్డం ఉందో చూసుకోండి. మిగతా ఊళ్ళల్లో అవసరం లేదు, 12న మాత్రం తప్పనిసరి.

ఇక్కడే ప్రాక్టీసు చెయ్యొచ్చు. హైదరాబాద్‌లో సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందు సూర్యుడు దాదాపు అదే ఎత్తులో ఉంటాడు. మీ వీధిలో నిలబడి చూడండి, కనిపిస్తాడేమో. మణికొండలో ఉండేవాళ్ళు ప్రయత్నం కూడా చెయ్యక్కర్లేదు. గోల్కొండ పైకెక్కితే తెలుస్తుంది నేను దేని గురించి మాట్లాడుతున్నానో.

మబ్బుల సంగతి. అందరికీ గుండెల్లో రాయి ఇదే. 2009 జులై 22న బీహార్‌లో తారెగ్నా అనే పల్లెకి ఎక్కడెక్కడి నుంచో జనం పోయారు. నేనూ ఆ చుట్టుపక్కలే ఉన్నాను. పొద్దున్నే గ్రహణానికి చీకటి పడింది, కానీ పైన మబ్బు. కిరీటం లేదు, ఏమీ లేదు. పక్కన ఒకాయన ‘కరెంటు పోయినట్టుంది’ అన్నాడు. నేను ఇంతవరకు ఒక్క సంపూర్ణ గ్రహణాన్నీ కళ్ళతో చూడలేదంటే నమ్మండి. నడక గురించి చెప్పడానికి వచ్చాను గానీ, గ్రహణం విషయంలో మీతో పాటు నేనూ అభ్యర్థినే.

కారులో పోయేవాళ్ళు మబ్బు కనిపిస్తే రెండు వందల కిలోమీటర్లు పరుగెత్తగలరు. నడిచేవాడు గంటకి నాలుగు కిలోమీటర్లు. పరుగెత్తి లాభం లేదు కాబట్టి, నేలను ముందే సరిగ్గా ఎంచుకోవాలి. స్పెయిన్ ఉత్తరపు తీరం, ఓవియేదో వైపు, పచ్చగా ఉంటుంది, నీడ కూడా అక్కడ కాస్త ఎక్కువ సేపు. కానీ పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది? మబ్బుల నుంచే. కొండలకి ఇవతల మెసెతా ఎండిపోయి ఉంటుంది, అదే మనకి కావాల్సింది. నాలుగైదు సెకన్లు ఎక్కువ చూద్దామని తీరానికి పోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు. అయినా ఆరోజు మధ్యాహ్నం సహగూన్ మీద మబ్బు కమ్మిందే అనుకోండి. సహగూన్‌లో రైల్వే స్టేషన్ ఉంది. ఒకవైపు లియోన్, ఇంకోవైపు పాలెన్సియా, రెండూ నీడలోనే. ఉపగ్రహ చిత్రం ఫోన్‌లో చూసుకుని ఏ పక్క తెరిపి ఉంటే ఆ పక్క రైలెక్కడమే. పాదయాత్రికుడు రైలెక్కితే పాపమా అంటే, ఆ ఒక్కరోజుకీ కాదని నా తీర్పు.

ఒకేచోట మీద పందెం కాయకపోవడం మనవాళ్ళకి పాత విద్యే. 1868 ఆగస్టు 18 గ్రహణం నీడ తెలుగునేల మీదుగా పోయింది. ఆగస్టు కదా, వానాకాలం. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలో వనపర్తికి వెళ్ళాడు. అవును, మన వనపర్తే. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, ఇంగ్లీషు వాళ్ళ తరఫున టెనెంట్. ఒకే నీడ గీత మీద వేర్వేరు ఊళ్ళు. ఒకచోట మబ్బు పట్టినా ఇంకోచోట తెరిపి దొరక్కపోదు. గుంటూరులో ఐదు నిమిషాలకు పైనే సంపూర్ణం. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును జాన్సెన్ వర్ణపటంలో, అంటే రంగులుగా విడదీసి, చూశాడు, అందులో గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్ళీ చూడగలిగాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత వెంటే తర్వాత హీలియం అనే మూలకం కథ నడిచింది. భూమ్మీద హీలియం దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. గుంటూరు మిత్రులు మిర్చి గురించే చెప్తారు, ఇది చెప్పరు!

మేం పదిమందిమి ఒక గుంపుగా పోతున్నాం అనుకోండి, పదిమందీ ఒకే ఊళ్ళో ఉండాలని లేదు. ఫోన్లు ఉన్నాయి. రెండు జట్లుగా విడిపోయి ఒకరు ముందు, ఒకరు వెనక నడిస్తే, మబ్బు సంగతి ఒకరికొకరు చెప్పుకోవచ్చు. పడకలు దొరకడం కూడా తేలికవుతుంది.

పడకల విషయం వేరేగా చెప్పాలి. మునిసిపల్ సత్రాల్లో చాలావాటికి ముందుగా బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాడికి ముందు. మామూలు రోజుల్లో అదే బాగుంటుంది. 11, 12 రాత్రులకి మాత్రం ఆ పద్ధతిని నమ్ముకోకండి, యూరప్ మొత్తం అటే వస్తుంది. ఆ రెండు రాత్రులకి ప్రైవేటు సత్రంలోనో లాడ్జిలోనో ఇప్పుడే మంచం పట్టుకోండి. ఇంకో సంగతి, సత్రాల్లో పది గంటలకి తలుపు వేసేస్తారు. గ్రహణం మైకంలో బయటే ఉండిపోతే వీధిలో పడుకోవాలి. ఆ రాత్రి బయట ఉండబుద్ధేస్తుంది కూడా, ఎందుకంటే అమావాస్య, పైగా పెర్సిడ్ ఉల్కలు ఎక్కువగా రాలేది 12, 13 రాత్రులే. నిర్వాహకుణ్ణి పొద్దున్నే అడిగి పెట్టుకోండి. చేలల్లో మంట మాత్రం వెయ్యొద్దు, టీ కోసం కూడా వద్దు. పోయిన ఆగస్టులో లియోన్, జమోరా ప్రాంతాల్లో కార్చిచ్చులు ఎంత పని చేశాయో వార్తల్లో చూశారు. మన దారి పక్కన అంతా ఎండిన గోధుమ దుబ్బులే.

కళ్ళ గురించి రెండు ముక్కలు. ఐఎస్‌ఓ 12312-2 అని రాసి ఉన్న గ్రహణం కళ్ళద్దాలే కొనండి, ఇక్కడే కొని, పెట్టెలో అడుగున కాకుండా పుస్తకం మధ్యలో పెట్టుకోండి, గీత పడితే పనికిరావు. ఎక్స్‌రే ఫిల్ములు, కూలింగ్ గ్లాసులు, పసుపునీళ్ళ పళ్ళెంలో చూడడాలు వద్దు. సూర్యుడు పూర్తిగా మూసుకున్నాక మాత్రం అద్దాలు తీసెయ్యాలి, తీయకపోతే ఏమీ కనపడదు. మళ్ళీ మొదటి వెలుగు చుక్క రాగానే పెట్టేసుకోవాలి. నిమిషం నలభై సెకన్లకి అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. ఆ సమయంలో ఫోన్‌తో వీడియో తీయడం మొదలుపెట్టినవాళ్ళు వీడియోనే చూస్తారు. పడమటి దిగంతం నుంచి చీకటి చేల మీదుగా మీ వైపు వస్తుంది, సూర్యుడికి ఎడమ పక్కన పైన శుక్రుడు కనిపిస్తాడు. ఆ రెండూ చూడండి, సూర్యుణ్ణి ఎలాగూ చూస్తారు.

తిండి సంగతి అడుగుతారని తెలుసు. పొడులు పట్టుకెళ్ళండి. కందిపొడి, కరివేపాకు పొడి, వెల్లుల్లి కారం, ఏది పెట్టినా సత్రం వంటింట్లో అన్నం వండుకుంటే రాజభోగం. నెయ్యి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సంచిలో తెచ్చుకోవడాన్ని యూరప్ వాళ్ళు ఒప్పుకోరు. పాలకోవా కూడా అంతే. నా ముందే ఒకావిడ చేత విమానాశ్రయంలో నేతి సీసా డస్ట్‌బిన్‌లో వేయించారు. ఆవిడ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

వీసా కాగితాలు తొందరగా మొదలుపెట్టండి. స్పెయిన్‌కి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంటే మీకు ఫిబ్రవరి నుంచే దారి తెరుచుకుంటుంది. జూన్ దాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరక్క తల పట్టుకుంటారు. 30 వేల యూరోలకు తగ్గని ఇన్సూరెన్స్ అడుగుతారు.

కాళ్ళకి తర్ఫీదు ఇప్పుడే కావాలి. కేబీఆర్ పార్కు చుట్టూ ఒక రౌండు కొట్టి ఇడ్లీ తినడం తర్ఫీదు కాదు. ఆదివారాలు అనంతగిరిలోనో, గండిపేట వైపో పదిహేను కిలోమీటర్లు, వీపు మీద ఆరేడు కిలోల సంచితో నడవాలి. వరసగా రెండు రోజులు నడిస్తేనే బూట్ల నిజస్వరూపం తెలుస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో మానెయ్యకండి, పొద్దున్నే ముగించండి. మనకి అక్కడ కావాల్సింది కూడా ఆ అలవాటే.

ఈసారి కుదరనివాళ్ళు ఉంటారు. 2027 ఆగస్టు 2న ఇంకోటి ఉంది. తారెగ్నాలో నన్ను ముంచిన గ్రహణానికి అదే వంశంలో తర్వాతిది. పద్దెనిమిదేళ్ళ 11 రోజుల 8 గంటలకోసారి ఆ వంశంలో ఒకటి పుడుతుంది, దీన్నే సారోస్ అంటారు. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాల 20 సెకన్లు. మబ్బు భయం దాదాపు లేదు, కానీ ఆగస్టులో అక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది, దాన్ని నడక యాత్ర చేయమని నేను చచ్చినా చెప్పను. జెద్దాలో బంధువులున్న హైదరాబాదీలు మాత్రం టికెట్ కొనుక్కుని, మేడ ఎక్కితే చాలు. నడవాలని పట్టుదల ఉన్నవాళ్ళు స్పెయిన్ దక్షిణపు కొస, తరీఫా, కాదిస్ వైపు చూసుకోండి. అక్కడా నీడ పడుతుంది.

మన గడ్డ మీదే కావాలంటే 2034 మార్చి 20. కశ్మీర్, లద్దాఖ్ వైపు, కార్గిల్ ప్రాంతంలో. ఇందాక చేతులెత్తారే, 1980 వాళ్ళు, ఇది మీదే. మూడు సారోస్‌లు గడిస్తే 54 ఏళ్ళ ఒక నెల, భూమి తిరిగి దాదాపు అదే వైపుకి వస్తుంది. నల్లగొండ మీదుగా పోయిన ఆ గ్రహణం 1998, 2016 మీదుగా మళ్ళీ మన దేశానికి, ఈసారి ఉత్తరానికి వస్తోంది. మార్చిలో జోజిలా కనుమ దగ్గర మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది కాబట్టి అక్కడ నడక అంటే వేరే రకం సరంజామా, వేరే రకం మనుషులు. దాని గురించి ఇంకోరోజు, మంచులో నడిచినవాళ్ళని పిలిపించి మాట్లాడిద్దాం.

చివరి వరసలో అక్కయ్య ఇందాకటి నుంచి చెయ్యెత్తి కూర్చున్నారు. మోకాళ్ళ సంగతేనా? మైకు ఇటు ఇవ్వండి బాబూ. ... ఆఁ, వినిపించింది. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు రోజుకి పన్నెండు కిలోమీటర్లే పెట్టుకోండమ్మా, సంచిని పొద్దున్నే తర్వాతి సత్రానికి చేరవేసే సర్వీసులు ఉన్నాయి, డబ్బిస్తే తీసుకుపోతారు. బుర్గోస్‌లో కాకుండా ఫ్రోమిస్తాలో మొదలుపెట్టండి, అక్కడికి రైలు కూడా ఉంది. సహగూన్ చేరడానికి వారం పట్టినా పర్లేదు. ఒకవేళ చేరకపోయినా, మీరు ఆగిన ఊళ్ళోనే గ్రహణం ఉంటుంది. తర్వాతి ప్రశ్న ఎవరిది?